ఆన్‌లైన్ కౌన్సెలింగ్: ఇంటిగ్రేటివ్ థెరపిస్ట్ అంటే ఒక్కో వారం ఒక్కో పద్ధతా?

చిట్టిచామంతి:
అందరికీ నమస్తే. పోయినేడాది మా నాన్న హార్ట్ అటాక్‌తో పోయారు, అప్పట్నుంచి నాకు రాత్రిళ్లు గుండె దడ, ఊపిరాడనట్టు అవ్వడం. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ చేయించా, నార్మలే అన్నారు, ఆ డాక్టరుగారే కౌన్సెలింగ్‌కి వెళ్లి చూడమ్మా అన్నారు. మేం ఉండేది కూకట్‌పల్లి, ఆఫీసు గచ్చిబౌలి, వెళ్లొచ్చే తీరిక లేక వీడియో కాల్ మీద ఒక మేడమ్ దగ్గర మొదలుపెట్టా. ప్రొఫైల్లో ఇంటిగ్రేటివ్ థెరపిస్ట్ అని ఉంది. మొదట్లో దడ వచ్చినప్పుడు మనసులో ఏమనిపించిందో రాసుకోమన్నారు, ఊపిరి మెల్లగా వదలడం నేర్పారు, కొంచెం తగ్గింది కూడా. తర్వాత నాన్న గురించి, చిన్నప్పటి సంగతులు అడగడం మొదలెట్టారు. పోయినవారం ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని అందులో నాన్న కూర్చున్నారనుకుని మాట్లాడమన్నారు. నోరు పెగల్లేదు, ఏడుపొచ్చేసింది, పక్క గదిలో అత్తయ్యగారు వింటారేమోనని చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నా, ఆ రోజంతా తల బరువే. ఇలా మారుస్తూ పోవడం మామూలేనా, లేక ఆవిడకే ఏం చేయాలో తెలియట్లేదా? మానేసి వేరేవాళ్లని చూసుకోనా? వచ్చే నెల నాన్న సంవత్సరీకం, అది తల్చుకుంటేనే భయంగా ఉంది.

సైకాలజీ_స్టూడెంట్:
అక్కా, ముందుగా నాన్నగారి విషయం చాలా బాధగా ఉంది. నేను ఎమ్మెస్సీ సైకాలజీ చేస్తున్నా, తెలిసినంతవరకు చెప్తా. ఆలోచనలు రాసుకోమనడం సీబీటీలోది (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, మన ఆలోచనల్నీ అలవాట్లనీ గమనించి మార్చుకునే పద్ధతి), 1960ల్లో ఆరన్ బెక్ మొదలుపెట్టింది. ఖాళీ కుర్చీ గెస్టాల్ట్ థెరపీలోది (లోపలున్న భావాన్ని ఇప్పుడు, ఇక్కడే అనుభవించి చూసే పద్ధతి), ఫ్రిట్జ్ పెర్ల్స్ పేరుతో బాగా తెలిసింది. ఇంటిగ్రేటివ్ అంటే ఒకే పద్ధతి పట్టుకుని కూర్చోకుండా మనిషికి ఇప్పుడు ఏది అవసరమో చూసి వీటిని కలిపి వాడటం. అయితే కలపడానికి ఒక లెక్క ఉండాలి, ఈ వారం ఇది ఎందుకు అని అడిగితే ఆవిడ మామూలు మాటల్లో చెప్పగలగాలి. మీరు రాసింది చూస్తే నాకు లెక్క లేనట్టు అనిపించలేదు, ముందు దడ తగ్గించి మీరు కాస్త నిలదొక్కుకున్నాక అసలు దుఃఖం దగ్గరికి తీసుకెళ్తున్నట్టుంది. కానీ ఆ లెక్క మీకు తెలియలేదు, అదే ఇక్కడ లోటు. ఎడ్వర్డ్ బోర్డిన్ అని ఒకాయన 1979లో రాశారు, థెరపీలో ఇద్దరికీ మూడు కుదరాలట: ఎక్కడికి చేరాలి అన్నది, దానికోసం ఏం చేస్తున్నాం అన్నది, ఇద్దరి మధ్య నమ్మకం. మీకు రెండోది తెగింది. మానేసే ముందు మొహమాటపడకుండా అడగండి, అలా అడిగితే మంచి థెరపిస్ట్ ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఆవిడ చిరాకు పడినా, దాటేసినా అప్పుడు మారండి.

ఇంకోటి, వీడియోలో ఆవిడకి మీ మొహం ఒక్కటే కనిపిస్తుంది, పక్క గదిలో ఎవరున్నారో ఆవిడకి తెలీదు కదా. అంత బరువైన పని చేయించే ముందు ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని ఆవిడ అడగాల్సింది, చివర్లో మీరు తేరుకోవడానికి పది నిమిషాలు ఉంచాల్సింది. ఈ మాట తప్పకుండా చెప్పండి.

నిజాంపేట్_రమ:
చెల్లీ, నేనూ అత్తగారింట్లో ఉండే సెషన్లు చేశా. గదిలో కుదరదమ్మా, ఎంత తలుపేసుకున్నా సగం మనసు తలుపు మీదే ఉంటుంది. సెల్లార్లో కారులో కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడేదాన్ని, అక్కడ సిగ్నల్ లేకపోతే అపార్ట్‌మెంట్ బయట చెట్టుకింద ఆపుకునేదాన్ని, కాల్ అయ్యాక వెంటనే పైకి రాకుండా కాసేపు అక్కడే ఉండేదాన్ని. ఆఫీసుకెళ్లే రోజుల్లో మీటింగ్ రూమ్ బుక్ చేసుకున్నా పర్లేదు. ఇంకో మాట, మీ సెషన్ ఇంగ్లీషులోనా? ఆఫీసు టెన్షన్ ఇంగ్లీషులో చెప్పుకోవచ్చేమో గానీ నాన్నతో ఇంగ్లీషులో ఏం మాట్లాడతాం తల్లీ, నోరు ఎలా పెగులుతుంది! ఆవిడకి తెలుగు రాకపోయినా ఆ కాసేపు నన్ను తెలుగులో మాట్లాడనివ్వండి అని అడుగు. సంవత్సరీకం సంగతి కూడా ముందే చెప్పు, ఆ కుర్చీ పని అది అయ్యాక పెట్టుకుందాం అనొచ్చు, తొందరేముంది.

రీడింగ్_నుంచి:
మేం యూకేలో ఉంటాం, ఇక్కడ కౌన్సెలర్ల ప్రొఫైల్స్‌లో ఇంటిగ్రేటివ్ అన్న మాట చాలా మామూలు, ఇక్కడి కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ రిజిస్టర్‌లో పేరుందో లేదో చూసుకుని వెళ్తాం. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబర్ అడగండి, చెప్తారు. ఉత్త కౌన్సెలర్ అని పెట్టుకుంటే మాత్రం ఏం చదివారు, ఎవరి సూపర్‌విజన్‌లో పనిచేస్తున్నారు అని మీరే అడిగి తెలుసుకోవాలి. ఇంటిగ్రేటివ్ అన్నది డిగ్రీ కాదు, పనిచేసే తీరు మాత్రమే. నిద్ర బొత్తిగా పోయినా, దడ మళ్లీ పెరిగినా ఒకసారి సైకియాట్రిస్ట్‌ని కూడా కలవండి, మందులు రాయాలంటే డాక్టరే కావాలి, రెండూ పక్కపక్కనే నడవొచ్చు. అర్ధరాత్రి మరీ తట్టుకోలేనట్టుంటే 14416కి చేయండి, టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో కేంద్రం పెట్టింది, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

చిట్టిచామంతి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. రమక్కా, అవును ఇంగ్లీషులోనే, నాకు ఆ సంగతే తట్టలేదు. మేడమ్‌కి ఇందాకే మెసేజ్ పెట్టా, కుర్చీ పని ఎందుకు చేయించారో ముందు నాకు చెప్పండి, ఆ రోజు ఇంట్లో అత్తయ్యగారు ఉన్నారు, సంవత్సరీకం దాకా దాన్ని ఆపుదాం అని. తెలుగులో మాట్లాడొచ్చా అని కూడా అడిగా. శనివారం సెషన్ ఉంది, కారులోనే కూర్చుంటా. ఆర్‌సీఐ నంబర్ ఇంకా అడగలేదు, అది కూడా అడుగుతా.