విడుదల వాయిదా పడుతూనే ఉంది, కొత్తవాళ్లు వచ్చి వెళ్లిపోతున్నారు. రెండూ ఎలా సర్దుకోవాలి?

కీబోర్డు_కాపలా
తెలుగు లిప్యంతరీకరణకు ఒక పైథాన్ లైబ్రరీ, పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐలో పెడుతుంటాం. మెయింటెయినర్లం ఇద్దరమే, హైదరాబాద్‌లోనే, ఇద్దరికీ పగలు ఉద్యోగాలు. 2.3 వచ్చి ఏడు నెలలైంది. ఇంకొక్క పీఆర్ (ఎవరైనా పంపిన కోడ్ మార్పు) కలిపేసి వదులుదాం అనుకుంటూ 2.4 వాయిదా పడుతూనే ఉంది. ఏదైనా కాలేజీలో వర్క్‌షాప్ జరిగితే ఒక్కరోజే పాతిక పీఆర్‌లు వచ్చిపడతాయి. సగం రీడ్‌మీలో కామాలు మార్చినవే. మిగతావాటిలో మంచివి ఉంటాయి గానీ మేం చూసేలోపు రాసినవాళ్లు మాయం. సంక్రాంతిలోపు 2.4 వదలాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గడువు_గంట
ముందు తేదీ వేయండి, అందులో ఏం పడుతుందన్నది తర్వాత. లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ ఏటా మార్చిలో, సెప్టెంబర్‌లో వస్తుంది. తయారవని ఫీచర్ వచ్చే విడతకు పోతుందే తప్ప దానికోసం తేదీని ఆపరు. ఇద్దరు మనుషులకు మూడు నెలలకొక విడుదల చాలు.

సంక్రాంతి ముందు వారం మాత్రం వద్దండి. బగ్‌లు బయటపడేది విడుదలైన మొదటి వారంలో. అప్పటికి మీ ఇద్దరూ ఊళ్లో, సిగ్నల్ కోసం డాబా ఎక్కి ఉంటారు. డిసెంబర్ రెండో శనివారం పెట్టుకోండి. వారాంతంలో వదలొద్దన్న మాట ఆఫీసులకు సరిపోతుంది, మీకు చేతిలో ఖాళీ ఉండేదే అప్పుడు. పొద్దున వదిలితే ఆదివారమంతా మిగులుతుంది.

అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టండి. 21 రోజుల ముందు ఫీచర్లకు తలుపు మూసి, 2.4కి వేరే బ్రాంచ్ (కోడ్‌కు విడి పాయ) తీసి, అదే రోజు ఆర్‌సీ1 (పరీక్షకు వదిలే మొదటి ముందస్తు కూర్పు) పెట్టండి. మూసేది ఆ బ్రాంచ్‌నే. అసలు బ్రాంచ్ మెయిన్ తెరిచే ఉండాలి. కొత్తవాళ్ల పీఆర్‌లు యథావిధిగా మెయిన్‌లో కలుస్తాయి, 2.5లో వెళ్తాయి. మీ దగ్గర ఈ రెండూ ఒకటే బ్రాంచ్ కాబట్టే విడుదల దగ్గరపడ్డప్పుడల్లా వాళ్ల పని ఆగుతోంది, వాళ్ల పని కోసం విడుదల ఆగుతోంది.

ఫిక్స్ ఏదైనా ముందు మెయిన్‌లో పెట్టి, తర్వాత చెర్రీపిక్‌తో (ఆ ఒక్క మార్పునే ఎత్తుకొచ్చే గిట్ ఆదేశం) 2.4 బ్రాంచ్‌లోకి తెచ్చుకోండి. తిరగేసి చేసి మెయిన్‌లో పెట్టడం మరిచిపోతే 2.4లో పోయిన బగ్ 2.5లో తిరిగొస్తుంది.

ఒక మెలిక: పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ మామూలుగా ఆర్‌సీని తీసుకోదు, ప్రీ ఆప్షన్ ఇవ్వాలి. అంటే ఆర్‌సీ పెట్టి ఊరుకుంటే ఎవరూ పరీక్షించరు. నలుగురికి విడిగా చెప్పి, పరీక్షించాల్సిన మాటలు కూడా మీరే ఇవ్వండి. "సాఫ్ట్‌వేర్"లో కనబడని నాన్‌జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉన్నదీ లేనిదీ రెండూ, ఐత్వం ఒకే కోడ్‌పాయింట్‌గా (యూనికోడ్ సంఖ్యగా) ఉన్నదీ, రెండు ముక్కలుగా ఉన్నదీ. ఈ రెండో జత తెరమీద ఒకేలా కనిపిస్తుంది, నార్మలైజ్ చేయకుండా (ఒకే రూపానికి తేకుండా) పోల్చితే మాత్రం తేడా వస్తుంది.

ట్యాగ్_తమ్ముడు
అన్నా, బ్రాంచ్ సంగతి పైన చెప్పిండ్రు, నేను ఆఖరి రోజు సంగతి చెప్త. ట్యాగ్ (వర్షన్‌కు గిట్‌ల పెట్టే గుర్తు) ఒక్కపారి పుష్ చేసినంక జరపొద్దు. మామూలు గిట్ ఫెచ్ ఉన్న ట్యాగ్‌ను మార్చదు, పాతది తీసుకున్నోళ్ల దగ్గర పాతదే ఉంటది. ఒకే పేరుకు రెండు కోడ్‌లు అయితయి. పైపీఐ కూడా అంతే, ఫైల్ డిలీట్ చేసినా అదే పేరుతోని మళ్ల ఎక్కనియ్యది. తప్పు పోయిందంటే 2.4.0ను యాంక్ చేసి (మామూలుగ ఎవ్వరికి పోకుంట పక్కకు పెట్టి) 2.4.1 వదులుడే. నంబర్లకేం కరువు లేదు.

వర్షన్ నంబర్ ట్యాగ్ నుంచి వస్తుంటే ఇంకోటి చూడుండ్రి. గిట్‌హబ్ యాక్షన్స్‌ల (టెస్టులు, విడుదల వాటంతట అవే నడిపేది) చెకౌట్ మామూలుగ ఒక్క కమిట్‌నే తెస్తది, వెనకటి ట్యాగ్‌లు రావు. నంబర్ 0.1 అని ఏదో పిచ్చిది పడుతది. ఫెచ్ డెప్త్ 0 పెట్టుండ్రి. అప్‌లోడ్ టోకెన్ (పైపీఐకి ఎక్కించే రహస్య తాళం) ఒక్కరి ల్యాప్‌టాప్‌ల ఉంచొద్దు, పైపీఐల ట్రస్టెడ్ పబ్లిషింగ్ పెడితే టోకెనే అక్కర్లేదు.

మొదటి_పీఆర్
కామాల పీఆర్‌లను మొహమాటానికి కలపకండి. ఓపెన్ సోర్స్‌కు పీఆర్‌లు పంపించే అక్టోబర్ కార్యక్రమం హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో ఇలాంటివి ఎంత ముంచెత్తాయంటే, నడుస్తుండగానే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు. అదే రోజు మూసేయండి, కానీ ఉత్తచేతులతో పంపకండి. "ఇది అక్కర్లేదు, ఈ ఇష్యూ ఖాళీగా ఉంది చూడండి" అని లింకు ఇవ్వండి. పదిమందిలో ఒక్కరు తిరిగొచ్చినా లాభమే.

ఆ లింకు వెనక సరుకుండాలి. "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అన్న లేబుల్ తగిలిస్తే సరిపోదు. ఏ ఫైల్, ఏ ఫంక్షన్, ఏ మాట ఇస్తే ఇప్పుడేం వస్తోంది, ఏం రావాలి, ఏ టెస్ట్ నడపాలి, ఇవన్నీ రాయండి. ఇలాంటివి ఐదారు చాలు. తీసుకున్నవాళ్లు రెండు వారాలు పలకకపోతే వేరేవాళ్లకు ఇస్తామని ముందే చెప్పండి. మిడ్ పరీక్షలొస్తే పిల్లలు కనబడరు, అది అలగడం కాదు.

మాయమవడానికి అసలు కారణం చాలాసార్లు మన వైపే ఉంటుంది. మొదటిసారి పీఆర్ పెట్టినవాళ్లకు గిట్‌హబ్‌లో టెస్టులు వాటంతట అవి నడవవు, మెయింటెయినర్ అనుమతి నొక్కాలి. మీరు నొక్కేదాకా వాళ్లకు పసుపు చుక్క ఒక్కటే కనిపిస్తుంది, తమదే తప్పనుకుంటారు. రోజుకోసారి చూసి నొక్కండి, ముందు ఆ టెస్టులను నడిపే వర్క్‌ఫ్లో ఫైళ్లేమైనా మార్చారా అని చూసుకుని. రివ్యూకి తీరికలేకపోతే "శనివారం చూస్తాం" అన్న ఒక్క ముక్క రెండు రోజుల్లోపు పడాలి, అన్నట్టే శనివారం చూడాలి.

ఇంకొకటి, తెలుగు ప్రాజెక్టులకు ప్రత్యేకం. విద్యార్థుల ల్యాప్‌టాప్‌లు చాలావరకు విండోస్. అక్కడ పైథాన్ ఇన్నాళ్లూ ఫైల్‌ను యూటీఎఫ్8గా కాకుండా సిస్టమ్ ఎన్‌కోడింగ్‌తో తెరుస్తూ వచ్చింది. తెలుగు డేటా ఫైల్ చదవగానే డీకోడ్ ఎర్రర్. మీ లినక్స్‌లో అన్నీ పచ్చగా ఉంటాయి, వాళ్లకు మొదటి టెస్టే ఎర్రగా వస్తుంది. ఓపెన్ అన్న ప్రతిచోటా ఎన్‌కోడింగ్ రాయించండి. దీన్నే రెండు మూడు చిన్న ఇష్యూలుగా చేయొచ్చు కూడా.

చేంజ్‌లాగ్‌లో (మార్పుల జాబితాలో) అందరూ ఒకే చోట వరస చేరిస్తే ప్రతి పీఆర్‌కూ కాన్‌ఫ్లిక్ట్. పీఆర్‌కు ఒక చిన్న ఫైల్ పెట్టించి, విడుదల రోజు టౌన్‌క్రయర్ అన్న టూల్‌తో కలపండి.

కీబోర్డు_కాపలా
అందరికీ థ్యాంక్స్. ఓపెన్ అని వెతికితే 17 చోట్ల ఎన్‌కోడింగ్ లేదు, ఇష్యూలు పెట్టేశా. ఒక్క సందేహం. ఫ్రీజ్‌లో (ఫీచర్లకు తలుపు మూసి) ఉండగా కొత్తవాళ్లెవరైనా క్రాష్ ఫిక్స్ పంపితే 2.4లోకి తీసుకోవచ్చా?

గడువు_గంట
తీసుకోవాలి కూడా. ఫ్రీజ్ ఫీచర్లకే, ఫిక్స్‌లకు కాదు. మెయిన్‌లో కలిపాక మీరే చెర్రీపిక్ చేయండి, ఆ పని వాళ్ల నెత్తిన పెట్టకండి. ఆథర్‌గా వాళ్ల పేరే నిలుస్తుంది, కమిటర్‌గా మీది పడుతుంది. తర్వాత ఆర్‌సీ2 వదిలి ఐదు రోజులు చూడండి. ఆ ఐదు రోజులు విడుదల తేదీ దాటితేనే తేదీ జరపండి, అదీ ఒక్క వారమే.