రీఫ్ తొట్టికి రిటర్న్ పంపు: గంటకు పది రెట్లు కావాలా, నాలుగు రెట్లు సరిపోతుందా?

నీలిసంద్రం (ఫ్రిస్కో, టెక్సాస్):
ఇంట్లో 75 గ్యాలన్ల రీఫ్ అక్వేరియం (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి) పెట్టే పనిలో ఉన్నాను. సంప్ (నీటిని శుద్ధి చేసే కింది తొట్టి) స్టాండు లోపలే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి రిటర్న్ పంపు నీటిని సుమారు ఐదడుగులు పైకి ఎక్కించాలి. తొట్టి నీరంతా గంటకు పది సార్లు తిరగాలని, అంటే 750 గ్యాలన్ల పంపు కావాలని దుకాణంలో చెప్పారు. నాలుగు సార్లు తిరిగితే చాలని మరికొందరు అంటున్నారు. మామూలు ఏసీ పంపు కొనాలా, వేగం మార్చుకోగల డీసీ పంపు కొనాలా అన్నదీ తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

ఉప్పునీరు (హ్యూస్టన్):
నీలిసంద్రం గారూ, పది రెట్ల లెక్క పాతది. తొట్టిలో విడిగా వేవ్‌మేకర్లు (నీటిని అక్కడికక్కడే కదిలించే చిన్న పంపులు) పెట్టే అలవాటు స్థిరపడక ముందు, పగడాలకు కావలసిన ప్రవాహంలో చాలా భాగం రిటర్న్ పంపే ఇవ్వవలసి వచ్చేది. ఇప్పుడు గంటకు ఇరవై నుంచి నలభై రెట్ల కదలికను వేవ్‌మేకర్లు తక్కువ కరెంటుతోనే ఇస్తున్నాయి, ఎందుకంటే అవి నీటిని పైకి ఎత్తనక్కరలేదు, పక్కకు నెడితే చాలు. ఇక రిటర్న్ పంపుకు మిగిలిన పని స్కిమ్మరు (నురుగుతో మురికిని తీసే పరికరం), హీటరు ఉన్న సంప్ నుంచి నీటిని తిరిగి పైకి చేర్చడమే. స్కిమ్మర్ తన సొంత పంపు లాగినంత నీటినే శుద్ధి చేస్తుంది కాబట్టి, సంప్ గుండా రెట్టింపు నీరు పంపినంత మాత్రాన రెట్టింపు మురికి బయటికి రాదు. చప్పుడూ బుడగలూ మాత్రం పెరుగుతాయి.

అసలు మోసపోయేది పెట్టె మీది అంకె దగ్గర. అది నీరు ఏమాత్రం ఎత్తుకు ఎక్కనప్పటి లెక్క. నా పంపు పెట్టె మీద గంటకు 660 గ్యాలన్లని ఉంది. ఐదడుగుల ఎత్తులో, రెండు ఎల్బోలు (పైపు మలుపులు) దాటి వచ్చే నీటిని ఐదు గ్యాలన్ల బకెట్లోకి పట్టి చూస్తే నిండడానికి 50 సెకన్లు పట్టింది, అంటే గంటకు 360 గ్యాలన్లు. కాబట్టి పంపుతో వచ్చే గ్రాఫులో మీ ఎత్తు దగ్గర ఎంత ప్రవాహం ఉందో చూసి కొనండి. మీకు 300 నుంచి 400 దాకా వస్తే సరిపోతుంది.

పగడాలదిబ్బ (డాలస్):
ఉప్పునీరు గారి లెక్కతో నాకు పేచీ లేదు, కానీ ముగింపుతో ఉంది. ప్రవాహం బొత్తిగా తక్కువైతే ఓవర్‌ఫ్లో (తొట్టి నీరు పొర్లి సంప్‌లోకి దిగే గట్టు) మీదుగా నీటి పైపొర సరిగా జారక జిడ్డు తెర కడుతుంది. పైగా రేపు క్రిములను చంపే యూవీ దీపానికో, శుద్ధి పదార్థం నింపిన గొట్టం లాంటి రియాక్టరుకో అదే పంపు నుంచి పాయ తీయాలనిపిస్తే చిన్న పంపు చాలదు. కాస్త పెద్ద డీసీ పంపు కొని సగం వేగంతో నడపడమే తెలివైన పని. 80 వాట్ల ఏసీ పంపు వాల్వు తిప్పి నీటిని తగ్గించినా వేగం తగ్గించుకోదు. రోజుకు రెండు యూనిట్ల దాకా కాలుస్తుంది, అందులో చాలా భాగం వేడిగా తొట్టి నీటిలోకే చేరుతుంది. టెక్సాస్ వేసవిలో ఆ వేడిని మళ్ళీ చిల్లరుతో (నీటిని చల్లబరిచే యంత్రంతో) తోడిపోయాలి.

ఉప్పునీరు:
వేడి విషయం ఒప్పుకుంటాను. అయితే డీసీ పంపులో మోటారు బాగానే ఉండి, కంట్రోలరో అడాప్టరో పోయినా నీరు ఆగిపోతుంది. ఏసీ పంపులో పాడయ్యేవి తక్కువ: ఇంపెల్లర్ (నీటిని నెట్టే రెక్కల చక్రం), దాని ఇరుసు. ఆ రెండింటినీ కొన్ని నెలలకోసారి వెనిగర్ కలిపిన నీటిలో నానబెట్టి సున్నం పొర వదిలిస్తే ఏళ్ళ తరబడి నడుస్తుంది. కరెంటు పోతే డీసీ పంపును బ్యాటరీ మీద నడపవచ్చని కూడా చెబుతుంటారు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఇక్కడ చాలా ఇళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటప్పుడు ఉన్న కాస్త బ్యాటరీని ఐదడుగులు నీరెత్తడానికి ఖర్చు చేయకుండా, నీటి పైభాగాన్ని కదిలించి ఆక్సిజన్ అందించే వేవ్‌మేకరుకు ఇవ్వాలి.

ఇంకొకటి: 48 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు ఉన్న తొట్టిలో ఒక్క అంగుళం నీరంటే దాదాపు 3.7 గ్యాలన్లు. పంపు ఆగగానే రిటర్న్ పైపు మూతి ఎంత లోతున ఉంటే అంత నీరూ వెనక్కి సంప్‌లోకి దిగుతుంది. పైపు మూతిని నీటి మట్టానికి దగ్గరగా పెట్టండి, సంప్‌లో అంత ఖాళీ ఉంచండి. చెక్ వాల్వును (నీటిని వెనక్కి రానివ్వని వాల్వును) నమ్ముకోకండి. దానిలో చిన్న నత్త దూరినా పూర్తిగా మూసుకోదు.

కృష్ణాతీరం (హైదరాబాదు):
ఇక్కడ రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున నేను ఉప్పునీటి చేపలనే పెంచుతాను. నా మాట ఒక్కటే: అమెరికా నుంచి ఏసీ పంపు తెప్పించుకునేవారు జాగ్రత్త. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం చేసినది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ సరిచేసినా మన 50 హెర్ట్జ్ మీద మోటారు నెమ్మదిగానే తిరుగుతుంది, నీరూ తక్కువే ఎక్కుతుంది. అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునే డీసీ పంపుకు ఈ బెడద లేదు.

నీలిసంద్రం:
అందరికీ ధన్యవాదాలు. నా తొట్టి నుంచి సంప్‌లోకి నీరు దింపే డ్రెయిన్ పైపు ఒక అంగుళానిది, దానికి గంటకు 600 గ్యాలన్లకు మించి లెక్క వేయరు కాబట్టి దుకాణం వారి 750 ఎలాగూ కుదరదు. ఐదడుగుల ఎత్తులో 500 ఇవ్వగల డీసీ పంపు తీసుకొని 350 దగ్గర నడపాలని, ఉప్పునీరు గారు భయపెట్టిన కంట్రోలరు కోసం ఒక చిన్న ఏసీ పంపును విడిగా అలమారాలో ఉంచాలని అనుకుంటున్నాను.

పగడాలదిబ్బ:
ఆ ఏసీ పంపు పైపు కొలత, మీ రిటర్న్ పైపు కొలత ఒకటేనో కాదో ఇప్పుడే చూసుకోండి. అర్ధరాత్రి అవసరమైనప్పుడు దుకాణాలు తెరిచి ఉండవు.