‘ట్రైబల్ ప్రింట్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న (హైదరాబాద్): ఒక బట్టల సైటుకు తెలుగు వివరణలు రాస్తున్నాను. ఆఫ్రికా డిజైన్ కుర్తాలు వచ్చాయి. పెద్ద పెద్ద పక్షులు, చక్రాలు, కళ్లు చెదిరే పసుపు, నీలం. ఇంగ్లిషులో ‘ట్రైబల్ ప్రింట్’ అని ఉంటే ‘గిరిజన అద్దకం’ అని రాశాను. ఎక్కడో తేడాగా ఉంది. ఏమంటారు?

చీరాల: ‘అద్దకం’తో పేచీ లేదండీ, ‘గిరిజన’తోనే. ఇది ఏ తెగదీ కాదు, ఫ్యాక్టరీ బట్ట. జావాలో మైనం పూసి రంగు అద్దే బాతిక్‌ను డచ్చివాళ్లు యంత్రాల మీద దించబోతే పుట్టింది, అందుకే ‘వాక్స్ ప్రింట్’ అంటారు. 19వ శతాబ్దం చివర్లో ఇది గోల్డ్ కోస్ట్‌కు, అంటే ఇప్పటి ఘనాకు చేరింది. యంత్రం మీద మైనం బదులు వేసే రెసిన్ పూత పగిలినచోట రంగు సన్నటి నరాల్లా పాకుతుంది. అక్కడివాళ్లకు అదే నచ్చింది. నెదర్లాండ్స్‌లోని హెల్మండ్‌లో 1846లో మొదలైన వ్లిస్కో కంపెనీది ఈ వ్యాపారంలో పెద్ద పేరు.

లాగోస్: ఇక్కడ నైజీరియాలో దీన్ని ‘అంకారా’ అంటారు. పెళ్లిళ్లలో బంధువులూ స్నేహితులూ ఒకే బట్ట కుట్టించుకుంటారు, దాన్ని ‘అసో ఎబీ’ అంటారు. నగరాల్లో, ఆఫీసుల్లో కట్టే బట్ట ఇది. ‘గిరిజన’ అంటే ఇక్కడివాళ్లు నవ్వుతారు, లేదా నొచ్చుకుంటారు.

తెనాలి: అయితే డచ్చివాళ్ల బట్ట అనేస్తే సరిపోతుందా?

లాగోస్: అదీ అన్యాయమేనండీ. బొమ్మ హెల్మండ్‌లో గీసినా పేరు పెట్టింది బజారు ఆడవాళ్లు. టోగోలోని లోమేలో ఈ వ్యాపారం చేసి బెంజి కార్లు కొన్న ‘నానా బెంజ్’లు ఉండేవారు. పంజరం, పక్షి ఉన్న డిజైన్‌కు ‘నువ్వు బయటికెళ్తే నేనూ వెళ్తా’ అని పేరు. ఇంకోదానికి ‘నా మొగుడు సమర్థుడు’. కట్టుకున్నామె ఏం చెప్పదలిచిందో చూసినవాళ్లకు తెలిసిపోతుంది. 2017లో పారిస్‌లో బ్రిటిష్ డిజైనర్ స్టెల్లా మెకార్ట్‌నీ ఈ బట్టలతో ప్రదర్శన పెడితే, వేసుకున్న మోడళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లేనని గొడవైంది. బట్టకు అర్థం ఇచ్చినవాళ్లు వేదిక మీద కనబడరేం అన్నదే విమర్శించినవాళ్ల కోపం. నాకది న్యాయంగానే తోస్తుంది.

విజయవాడ: మాది బట్టల కొట్టు. జనం వెతికేది ‘ట్రైబల్’ అనే. ‘అంకారా’ అంటే టర్కీ సరుకనుకుంటారు.

చీరాల: వెతికే మాటల్లో ఉంచుకోండి, పేరుగా మాత్రం వద్దు. కలంకారీని ఎవరైనా ‘ఇండియన్ ట్రైబల్’ అని అమ్మితే పెడన ఊరుకుంటుందా? ఇంకో సంగతి. మా తీరంలో నేసిన ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ గళ్ల బట్ట పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లేది. నైజీరియాలోని నైజర్ డెల్టాలో ఉండే కలబరీ జనం అలాంటి బట్టను ‘ఇంజిరి’ అంటారు. ‘రియల్ ఇండియా’ అన్నది వాళ్ల నోట అలా అయింది. అందులో కొన్ని పోగులు కోసి లాగేసి కొత్త డిజైన్ తెస్తారు. దానికి ‘పెలెతె బితె’ అని వాళ్ల పేరే ఉంది.

హైదరాబాద్: అయితే ‘అంకారా వాక్స్ ప్రింట్ కుర్తా’ అని రాస్తాను.

లాగోస్: ఆగండి, ముందు బట్ట తిరగేసి చూడండి. అసలు వాక్స్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. అంచు మీద కంపెనీ పేరు కూడా ఉండాలి.

హైదరాబాద్: చూశాను. రేయాన్. వెనకవైపు తెల్లగా ఉంది, అంచు మీద ఏమీ లేదు.

లాగోస్: అయితే ‘వాక్స్’ తీసేయండి. ‘అంకారా తరహా ప్రింట్, రేయాన్’ అనండి చాలు.