శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు ఇల్లు మారుతున్నాం: పూర్తి లారీయా, కలిపి వేసే సామానా?

బలగ గృహిణి:
మా వారికి హైదరాబాద్ బదిలీ అయింది. ప్యాకింగుతో సహా అన్నీ మేమే చూసుకుంటామని ఒక సంస్థ వాళ్లు అంటున్నారు. వేరే వాళ్ల సామానుతో కలిపి వేస్తే చాలా తక్కువలో అవుతుందని మరొకరు చెప్పారు. తెలిసిన లారీ మాట్లాడుకుని మనమే కట్టుకుందామని మామయ్యగారి మాట. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బీరువా, పాత టేకు పందిరి మంచం, మోటారు సైకిలు ఉన్నాయి. పాలు పొంగించడానికి ముహూర్తం కూడా పెట్టేశారు. ఏది మేలంటారు?

పాత బస్టాండు వాసి:
ధర కన్నా ముందు ఒక్క సంగతి తేల్చుకోండమ్మా. ఇక్కడ ఎక్కించిన బండే అక్కడ మీ గుమ్మం ముందుకు వస్తుందా? కలిపి వేసేటప్పుడు సామాను మామూలుగా ఇక్కడి నుంచి చిన్న వ్యానులో విశాఖ గోదాముకు వెళ్తుంది. హైదరాబాద్ లోడు నిండేదాకా అక్కడే ఉంటుంది. తర్వాత పెద్ద లారీ, అవతల మళ్లీ గోదాము, మళ్లీ చిన్న బండి. దెబ్బ తగిలేది దారిలో కన్నా ఈ దింపుడు, ఎత్తుడు దగ్గరే ఎక్కువ. మా అన్నయ్యవాళ్ల సామాను అలాగే వెళ్లింది. గిన్నెలకు, పుస్తకాలకు ఏమీ కాలేదు. బీరువా తలుపు మాత్రం వంగిపోయి తాళం పడలేదు. పైగా ఏ రోజు చేరుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పరు. ముహూర్తం ఉన్నవాళ్లకు అది పనికిరాదు.

తోటపాలెం మాస్టారు, విజయనగరం:
కలిపి వేయడం అందరికీ చెడ్డది కాదండీ. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ పరుపు, కుట్టు మిషను, పుస్తకాల పెట్టెలు అలాగే పంపింది. వాటి కోసం లారీ మొత్తం మాట్లాడితే డబ్బు దండగే. మీ జాబితాకు మాత్రం పూర్తి బండే సరి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది రశీదు గురించి. లారీ రశీదు మీద సన్నని అక్షరాల్లో ‘ఓనర్స్ రిస్క్’, అంటే నష్టం వస్తే సామాను యజమానిదే బాధ్యత, అని ఉందేమో చూడండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని నిబంధనల ప్రకారం సామాను విలువ ముందే ఎక్కువగా ప్రకటించి అందుకు తగిన రుసుము కట్టకపోతే, నష్టానికి రవాణాదారు బాధ్యత కిరాయికి 10 రెట్లకు మించదు. దావా వేయాలన్నా బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. అందుకని ‘ఇంటి సామాను, ఒక లాటు’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ప్రతి వస్తువూ విలువతో సహా జాబితాలో ఉండాలి. బీమా అన్నారంటే పాలసీ కాగితం చేతికి తీసుకోండి. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) అవసరం లేదు కాబట్టి ఆ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి.

కంటోన్మెంట్ కోడలు:
మంచం గురించి ఎవరూ చెప్పలేదు, నాకు దాని మీదే బెంగ. చెక్క సీలలతో బిగించిన పాత మంచమైతే ప్యాకింగు కుర్రాళ్లకు వదలకండి, వడ్రంగిని పిలిచి విప్పించండి. కోడుకూ పట్టెకూ కలిసేచోట రెండింటి మీదా సుద్దతో ఒకే అంకె వేయించండి. సీలలన్నీ గుడ్డ సంచిలో వేసి ఒక పట్టెకే కట్టేయండి. ముందు పాత దుప్పటి చుట్టి, ఆ పైనే టేపు వేయాలి. టేపు నేరుగా చెక్కకు అంటితే ఊడదీసేటప్పుడు పాలిష్ దానితో వచ్చేస్తుంది.

మీ మామయ్యగారి ఆలోచనా మంచిదే. ఎక్కించడానికి మన కళాసీలు ఉంటారు, మరి అక్కడ దింపేదెవరు? మనిషిని ముందే మాట్లాడుకోండి, ఎన్నో అంతస్తో చెప్పండి. లిఫ్టులో బీరువా పట్టకపోతే మెట్ల కూలి వేరుగా అడుగుతారు.

బలగ గృహిణి:
చాలా ఉపకారం చేశారు. మోటారు సైకిలు రైల్లో పంపమంటారా? గ్యాస్ సిలిండరు మాటేమిటి?

ఆమదాలవలస మిత్రుడు:
పూర్తి లారీ తీసుకుంటే మోటారు సైకిలు అందులోనే వేయించండి, పెట్రోలు తీయించి. రైలు పార్సిల్ అయితే ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు పట్టుకెళ్లాలి, ట్యాంకు ఖాళీగా ఉండాలి, బండిని గోనెలతో కట్టించాలి. శ్రీకాకుళం రోడ్‌లో రైళ్లు కాసేపే ఆగుతాయి కాబట్టి ఏ రైలుకు తీసుకుంటారో పార్సిల్ కార్యాలయంలో ముందే అడగాలి. తెలంగాణలో 12 నెలలు దాటి నడపాలంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి.

సిలిండరు లారీలో అసలు వేయకూడదు. సిలిండరు, రెగ్యులేటరు డీలరుకు అప్పగిస్తే డిపాజిట్ వెనక్కి ఇచ్చి టెర్మినేషన్ వోచరు, అంటే ఇక్కడి కనెక్షన్ రద్దయినట్టు పత్రం, రాసిస్తారు. అక్కడ అది చూపించి, డిపాజిట్ కట్టి కనెక్షన్ తీసుకోవచ్చు.

పాత బస్టాండు వాసి:
ఒకటి మరిచాను. ఇంటికి వచ్చి సామాను చూడకుండా ఫోనులోనే ధర చెప్పేవాళ్లకు అడ్వాన్సు పంపకండి. మా వీధిలో ఒకరికి అలాగే తక్కువ ధర చెప్పి, అక్కడికి చేరాక సామాను ఎక్కువైందంటూ ఇంకా డబ్బు ఇస్తేనే దింపుతామని లారీ ఆపేశారు. చంటిపిల్లతో రాత్రిదాకా వీధిలోనే ఉన్నారు పాపం. ధర, మెట్ల కూలి, చేరే తేదీ కాగితం మీద రాయించుకోండి. డబ్బులో కొంత దింపాకే ఇస్తామనండి. బయలుదేరే ముందు లారీ నంబరు, డ్రైవరు నంబరు మీ ఫోనులో ఉండాలి. కార్తీకంలోపు వెళ్తుంటే టార్పాలిన్ చిరుగుల్లేకుండా ఉందో లేదో ఎక్కించేటప్పుడే విప్పించి చూడండి, మనవైపు అక్టోబరులో వాన ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం.