కెమెరా కదిపి తీసినదాన్ని ప్రకృతి ఫొటో అనొచ్చా?

కొండగాలి: ఒక పోటీకి ప్రకృతి విభాగంలో నా సరుగుడు తోట ఫొటో పంపితే ‘షేక్ అయింది’ అని పక్కన పెట్టేశారు. భీమిలి రోడ్డులో తెల్లారుతుండగా తీసింది, వెలుతురు ఎక్కువైపోకుండా ఐఎస్ఓ 100, ఎఫ్/16 పెట్టి, షట్టర్ అర సెకను తెరిచి, చేతి వణుకు సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆపేసి కెమెరాని పైనుంచి కిందికి నిటారుగా దించాను. మానులన్నీ పొడుగు గీతలయ్యాయి, వాటి సందుల్లో సముద్రం నీలంగా కరిగిపోయింది. కావాలని చేసిన పనిని తప్పంటే ఎలా?

ఉక్కునగరం_రావు: అర సెకనులో ఎవరి చెయ్యి కదిలినా గీతలే వస్తాయి తమ్ముడూ. నువ్వు కావాలని కదిపావని చూసేవాడికెలా తెలుస్తుంది?

కొండగాలి: తెలుస్తుంది మాస్టారూ. చెయ్యి వణికితే గీత మెలికలు తిరుగుతుంది. బటన్ నొక్కకముందే కదలిక మొదలుపెట్టి, షట్టర్ మూసుకున్నాక కూడా ఆపకుండా సాగిస్తేనే గీత శుభ్రంగా వస్తుంది. 1950ల్లోనే ఎర్నెస్ట్ హాస్ అనే ఫొటోగ్రాఫర్ స్పెయిన్ ఎద్దుల పోరుని నెమ్మది షట్టర్‌తో రంగుల్లో తీశాడు.

ఉక్కునగరం_రావు: అక్కడ ఎద్దు పరిగెడుతోంది. నీ చెట్టు కదల్లేదుగా!

మంచు_అరకు: అరకులో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు అల్లుకుంటాయి కాబట్టి మాను అంచు తెలియదు. దీనికి సరుగుడే నయం.

గాజువాక77: ఎండలో తీస్తే నాకు అంతా తెల్లగా పోతోంది, ఏం చెయ్యాలి?

కొండగాలి: లెన్స్ ముందు ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుతురుని 64వ వంతుకి తగ్గించే నల్లటి అద్దం పెట్టండి, షట్టర్ 1/125 సెకను ఉన్నచోట అర సెకను దొరుకుతుంది. రావు మాస్టారూ, చెట్టు కదలాలని రూలెక్కడుంది? మీకు కొత్తది ఏదీ నచ్చదు, అంతే.

ఉక్కునగరం_రావు: అంత మాట అనకు. నువ్వు ఇలాగే కదిపి తీసి పెట్టిన, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల ఫొటో చూశాకే నేను నోరు తెరిచాను. వాన కోసిన గాడులేవీ? కూలిన అంచేదీ? అంతా ఎర్రటి చార. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరిన చోటది, రేపు ఎంత తరిగిందో చెప్పాలంటే ఇవాళ్టి ఫొటోలే దిక్కు. మా ఇంటి వెనక గెడ్డ పూడ్చేసినప్పుడు ఆఫీసు చుట్టూ తిరిగాను, ఇక్కడ నీళ్లు పారేవని చూపించడానికి పనికొచ్చే ఫొటో ఒక్కటీ లేక నా మాట నిలవలేదు. ఆ మంట నాకింకా ఉంది.

కొండగాలి: ఇది ముందే చెప్పాల్సింది మాస్టారూ. దిబ్బలవి స్పష్టంగా తీసినవి కూడా నా దగ్గరున్నాయి, తేదీతో సహా పెడతాను. కానీ పొద్దుటెండ పడ్డప్పుడు అక్కడ కళ్లనిండా వచ్చే ఆ ఎరుపు వాటిలో లేదు. నాకు అదీ ప్రకృతే.

ఉక్కునగరం_రావు: అయితే స్పష్టమైనవి ప్రకృతి విభాగానికి పంపు, ఇవి ఆర్ట్‌లో పెట్టు.

కొండగాలి: ఫొటో కింద చోటు పేరు, షట్టర్, కెమెరా కదిపి తీశానన్న మాట రాస్తాను. విభాగం మాత్రం మార్చను.

ఉక్కునగరం_రావు: నేనూ ఒప్పుకోను. ముందు ఆ తేదీలున్న ఫొటోలు పెట్టు.