కీలెస్ కారు, ఒక్కటే తాళం, రాత్రి పార్కింగ్ రోడ్డు మీద: ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

బీటీఎం_రెండో_స్టేజ్:

అందరికీ నమస్కారం. కారు 2021 మోడల్ డీజిల్ ఆటోమేటిక్, పుష్ బటన్ స్టార్ట్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అమ్మినవాళ్ళు ఒక్కటే స్మార్ట్ కీ ఇచ్చారు, రెండోది పోయిందన్నారు. ఇల్లు బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో గ్రౌండ్ ఫ్లోర్. సొంత పార్కింగ్ లేదు, కారు రాత్రంతా గేటు బయట వీధిలోనే ఉంటుంది. తాళాలు తగిలించే కొక్కెం వీధి తలుపు పక్కనే, అక్కడి నుంచి కారు ఐదారు మీటర్లు.

ఇంట్లో ఉన్న తాళం సిగ్నల్ పట్టుకుని కారు తీసుకుపోతారంటున్నారు, అసలు అదెలా జరుగుతుంది? తాళం సిగ్నల్‌ని ఆపే పౌచ్ ఒక్కటి కొంటే సరిపోతుందా? ఓబీడీ లాక్ (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్‌కి వేసేది), కిల్ స్విచ్ (ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపే దాచిన స్విచ్), జీపీఎస్ ట్రాకర్‌లలో ఏది ముందు? బడ్జెట్ 10 వేలు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

పన్నెండు_వోల్టులు:

ముందు రేడియో సంగతి చెప్తాను, అది అర్థమైతే పౌచ్ ఎంతవరకు పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

మీరు హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే కారు సుమారు 125 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఒక పిలుపు పంపుతుంది. అది మీటరు, మీటరున్నర దాటి పోదు. తాళం దాన్ని విని 433 మెగాహెర్ట్‌జ్‌లో జవాబిస్తుంది, ఆ జవాబు మాత్రం పదుల మీటర్లు పోతుంది. పిలుపు దూరం పోదు కాబట్టి, వినిపించిందంటే తాళం పక్కనే ఉన్నట్టు అని కారు నమ్ముతుంది. రిలే దాడిలో దెబ్బ కొట్టేది ఆ నమ్మకం మీదే. ఒకడు కారు దగ్గర, ఇంకొకడు మీ తలుపు దగ్గర నిలబడి ఆ చిన్న పిలుపుని మోసుకొచ్చి తాళానికి వినిపిస్తారు. రహస్య సంకేతాన్ని ఎవరూ ఛేదించక్కర్లేదు. అసలు తాళమే అసలు జవాబు ఇస్తుంది. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 కార్ల మీద ప్రయత్నిస్తే పదీ తెరుచుకున్నాయి.

కారు దూరాన్ని ఎందుకు కొలవలేదంటే, 125 కిలోహెర్ట్‌జ్‌లో ఒక్క తరంగం పూర్తవడానికి 8 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ సమయంలో కాంతి 2.4 కిలోమీటర్లు వెళ్తుంది. అంత ముతక గడియారంతో ఐదు మీటర్ల తేడా పట్టడం కుదరదు. కొత్తగా కొన్ని ఖరీదైన కార్లలో వస్తున్న అల్ట్రా వైడ్ బ్యాండ్ తాళాలు నానోసెకన్లలో లెక్కపెడతాయి, నానోసెకనుకి కాంతి 30 సెంటీమీటర్లే కదా, అందుకని అక్కడ రిలే దొరికిపోతుంది. మీ కారులో అది ఉండే అవకాశం లేదు.

ఇవాళే చేయాల్సింది, రూపాయి ఖర్చు లేనిది: ఆ కొక్కెం తీసేయండి. ఈ పిలుపు అయస్కాంత క్షేత్రం లాంటిది, దూరం పెరిగితే దాని బలం ఘనంలో తగ్గుతుంది. తలుపు అవతలి యాంటెన్నాకి తాళం 2 మీటర్ల దూరంలో ఉండేది 6 మీటర్లకి మారితే అందే బలం 27వ వంతు. మధ్యలో గోడలు పెద్దగా ఆపవు, దూరమే ఆపుతుంది. తాళం వెనక గదిలో పెట్టండి, వీధి వైపు కిటికీ ఉన్న గది వద్దు.

మీ తాళం నిద్రపోయే రకమో కాదో కూడా చూసుకోండి. కొత్త తాళాల్లో కదలికని పసిగట్టే సెన్సర్ ఉంటుంది, కాసేపు కదలకపోతే అది జవాబివ్వడం మానేస్తుంది. కారు తలుపు పక్కన ఒక స్టూలు మీద తాళం పెట్టి, 15 నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి, తర్వాత హ్యాండిల్ నొక్కండి. తెరుచుకుంటే సెన్సర్ లేనట్టే. టొయోటా స్మార్ట్ కీలు చాలావాటిలో లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే లైటు నాలుగుసార్లు మెరిసి తాళం నిద్రలోకి వెళ్తుంది. మిగతా కంపెనీల సంగతి ఓనర్స్ మాన్యువల్‌లో వెతకాలి.

పౌచ్ కొంటే దుకాణం మాట నమ్మకండి, కారు దగ్గరే పరీక్షించండి. తాళం లోపల పెట్టి, మూత పూర్తిగా మడిచి, డ్రైవర్ హ్యాండిల్‌కి ఆనించి తెరవడానికి చూడండి. తెరుచుకోకూడదు. పౌచ్ మీదనుంచే అన్‌లాక్ బటన్ నొక్కండి, కారు పలకకూడదు. తలుపు తెరిచి పౌచ్‌ని సీటు మీద పెట్టి స్టార్ట్ బటన్ నొక్కండి, తాళం కనబడలేదని మీటర్‌లో రావాలి. మూడూ నెగ్గితేనే అది పౌచ్. లోపలి లోహపు గుడ్డ మడతల దగ్గర విరుగుతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి మళ్ళీ ఇదే పరీక్ష.

తాళంకప్ప:

పైన చెప్పినదంతా సరైనదే. కానీ ఈ ప్రశ్నలో నన్ను భయపెట్టింది కొక్కెం కాదు, పోయిందన్న ఆ రెండో తాళం. అది ఎవరి దగ్గరుందో తెలియనంతకాలం మీరు కొనే పౌచ్ దేనికీ కొరగాదు.

అధీకృత సర్వీస్ సెంటర్‌కి ఆర్‌సీ, ఆధార్ తీసుకెళ్ళి రెండు పనులు అడగండి. ఒకటి, స్కానర్‌లో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో చూపించమనండి. రెండు, పాతవన్నీ చెరిపేసి మీ దగ్గరున్నదాన్నీ కొత్తగా కొన్న రెండోదాన్నీ మళ్ళీ నమోదు చేయమనండి. చాలా కార్లలో నమోదు చేసే సమయానికి ఎదురుగా లేని తాళం చెల్లకుండా పోతుంది, అందుకే రెండూ ఒకేసారి పెట్టాలి. చెరిపేశాక కూడా పాత స్మార్ట్ కీ లోపలి లోహపు తాళం డ్రైవర్ తలుపుని తెరుస్తూనే ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ కాదు, తలుపు మాత్రం తెరుచుకుంటుంది. అది కూడా వద్దనుకుంటే లాక్ సెట్ మార్చాలి, ఖర్చు ఎక్కువ. నా మటుకు ముందు చెరిపించడం చాలు.

ఇక ఓబీడీ. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్ అది. 6, 14 పిన్నులు కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్ తీగలు, 16వ పిన్నులో ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది. మెకానిక్ కోసం పెట్టిన ఈ దారిలోనే కొత్త తాళం నమోదు చేసే పరికరం కూడా పనిచేస్తుంది. ఢిల్లీ వైపు పట్టుబడ్డ ముఠాల దగ్గర ఇలాంటి ట్యాబ్లెట్లు దొరికిన కేసులు పోలీసులు చాలానే చెప్పారు. అద్దం పగలగొట్టి లోపలికి వస్తే చాలు, అసలు తాళం ఎక్కడున్నా వాళ్ళకి అనవసరం. అక్కడ పౌచ్ చేసేదేమీ లేదు.

ఓబీడీ లాక్ అంటే ఆ సాకెట్ మీద బిగించే ఉక్కు కప్పు. దాని తాళంచెవి కారులో వదలొద్దు, డ్యాష్‌బోర్డు డ్రాయర్‌లో అసలే వద్దు. సర్వీసుకి ఇచ్చేటప్పుడు తీసి ఇవ్వండి, లేకపోతే సాకెట్‌నే విరగ్గొడతారు. సాకెట్ వెనక తీగలు అందేలా ఉంటే కప్పు ఉన్నా లాభం సగమే, బిగించేవాళ్ళు బ్రాకెట్‌ని వెనక నుంచి కూడా మూసేలా చూసుకోండి.

బయట నుంచే క్యాన్ తీగల్లోకి చొరబడే పద్ధతి కూడా ఉంది. 2022లో లండన్‌లో ఒక టొయోటా రావ్4 హెడ్‌లైట్ దగ్గరి కనెక్టర్ ద్వారా అలాగే పోయింది. తాళం సరిపోయిందన్న నకిలీ సందేశాన్ని ఆ తీగల్లోకి ఎక్కించేశారు. ఆ పరికరాన్ని మామూలు బ్లూటూత్ స్పీకర్ డబ్బాలో దాచి అమ్మేవారు. బంపర్ పక్క గానీ, చక్రం పైన లోపలి ప్లాస్టిక్ గానీ ఊడదీసినట్టు కనిపిస్తే ఎవరో తగిలించి పోయారని వదిలేయకండి. అది రెండో రోజు రాత్రి రావడానికి ముందు చేసిన పని కావచ్చు.

బీటీఎం_రెండో_స్టేజ్:

ఇద్దరికీ చాలా థాంక్స్. కొక్కెం ఇప్పుడే తీసేశాను. పౌచ్ వచ్చేదాకా తాళం మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా? కిల్ స్విచ్ ఏ తీగలో పెట్టించాలి? జేసీ రోడ్డులో అడిగితే ఫ్యూయల్ పంప్ లైన్లో వేస్తామన్నారు.

పన్నెండు_వోల్టులు:

మైక్రోవేవ్ వద్దండీ. పొద్దున్నే ఎవరో ఒకరు పాలు వేడిచేయడానికి స్విచ్ వేస్తారు, తాళంతో పాటు ఓవెన్ కూడా పోతుంది. మూత బిగుతుగా పట్టే ఉక్కు డబ్బా వాడండి, పౌచ్‌కి చెప్పిన పరీక్షలే దానికీ.

రిలే_కాయిల్:

ఫ్యూయల్ పంప్ లైన్లో వద్దు, దయచేసి ఒప్పుకోకండి. స్విచ్ గానీ జాయింట్ గానీ వదులైతే హొసూరు రోడ్డు ఫ్లైఓవర్ మీద 80లో వెళ్తుండగా ఇంజన్ ఆగిపోతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడు తొక్కుల తర్వాత బ్రేక్ గట్టిపడుతుంది. బ్రేక్ పెడల్ స్విచ్ తీగని కోసి పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. అది ఇంకా ఘోరం, వెనక బ్రేక్ లైట్లు వెలగవు.

సరైన చోటు స్టార్టర్ రిలే కాయిల్ తీగ. ఈ రిలే అంటే పైన చెప్పిన దాడి కాదు, స్టార్టర్ మోటారుకి కరెంటు వదిలే స్విచ్ లాంటి భాగం. ఒకసారి ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆ తీగతో పని లేదు, నడిచే కారులో స్విచ్ పాడైనా ఇంజన్ ఆగదు. కాయిల్ తాగేది అర ఆంపియర్ లోపే, అందుకే చిన్న స్విచ్, 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ చాలు. స్టార్టర్‌కి నేరుగా పోయే లావు కేబుల్‌ని ముట్టుకోనివ్వకండి, అందులో వందల ఆంపియర్లు పోతాయి. జాయింట్లు క్రింప్ చేసి హీట్ ష్రింక్ వేయాలి. తీగలు మెలిపెట్టి టేపు చుడితే మొదటి వర్షాకాలానికే పచ్చగా తుప్పు పడుతుంది.

ముందే తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. స్విచ్ ఆపి స్టార్ట్ బటన్ నొక్కితే కొన్ని కార్లలో పీ0615 అనే లోపం కోడ్ పడుతుంది. స్టార్టర్ రిలే సర్క్యూట్ తెగిందని అర్థం, కంగారు పడక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి లేచే ఆటో స్టార్ట్ స్టాప్ ఉంటే మాత్రం స్విచ్ నాణ్యమైనదే వేయించండి, లేకపోతే సిల్క్ బోర్డ్ జంక్షన్లో కారు లేవదు. వారంటీ మిగిలి ఉంటే తీగ కోసే ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో మామూలు స్టార్టర్ మోటారు ఉండదు కాబట్టి వాటికి ఈ పద్ధతి కుదరదు.

ఇంత చెప్పడం దేనికంటే, రిలే దాడి అయినా, నకిలీ తాళం అయినా, క్యాన్ చొరబాటు అయినా కారు కంప్యూటర్‌నే మోసం చేస్తాయి. స్టార్ట్ చెయ్యమని కంప్యూటర్ చెప్పినా తీగ తెగి ఉంటే స్టార్టర్ తిరగదు. స్విచ్ ఎక్కడుందో వెతకడానికి సమయం కావాలి, వీధిలో దొంగకి దొరకనిది అదే. అదే కారణంతో స్టీరింగ్‌కి అడ్డంగా వేసే పసుపు రంగు ఉక్కు లాక్‌ని కూడా తీసిపారేయకండి. అద్దంలోంచి కనిపించడమే దాని సగం బలం.

అత్తిబెలె_దాటి:

ట్రాకర్ మీద రెండు ముక్కలు. ఓబీడీలో గుచ్చేది కొనకండి, మొదట పీకేది దాన్నే. లోపలే బ్యాటరీ ఉన్న వైర్డ్ రకం తీసుకుని, ఫ్యూజ్ బాక్స్ దగ్గర కాకుండా ప్లాస్టిక్ వెనక దాచండి. లోహం కింద పెడితే సిగ్నల్ అందదు. నిలబడి ఉన్నప్పుడు అది 10 మిల్లీఆంపియర్లు తాగితే నెలకి 7.2 ఆంపియర్ అవర్లు. కారు సొంతంగా 30 మిల్లీఆంపియర్లు తాగితే ఇంకో 21.6. సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులకి వస్తే ఇబ్బంది లేదు, నెల వదిలేస్తే 45 ఆంపియర్ అవర్ బ్యాటరీతో స్టార్ట్ అవడం కష్టం. దొంగ సిగ్నల్‌ని అడ్డుకునే జామర్ ఆన్ చేస్తే ఏ ట్రాకరూ మాట్లాడదు, కాబట్టి మీ 10 వేలల్లో ఇది ఆఖరున. రెండో తాళానికే ఎక్కువ పోతుంది, మిగిలినదాంట్లో కిల్ స్విచ్, పౌచ్, ఓబీడీ లాక్, ఆ వరసలో.

మాల్ పార్కింగ్‌లో రిమోట్ నొక్కి వెనక్కి చూడకుండా నడిచిపోవద్దు. 433 మెగాహెర్ట్‌జ్‌లో రొద పెడితే లాక్ ఆదేశం కారుకి చేరదు. సైడ్ అద్దాలు ముడుచుకున్నాయో లేదో చూడండి. హ్యాండిల్ లాగి చూడాలంటే తాళం ఇంకొకరి చేతికిచ్చి దూరంగా పంపాలి, లేకపోతే కారు మిమ్మల్ని గుర్తుపట్టి తెరిచేస్తుంది.

ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని, కారు బదిలీ అయిన 14 రోజుల్లో అడగాలి. అప్పుడే, అమ్మినవాళ్ళు ఒక్క తాళమే ఇచ్చారని ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. కారు పోతే కంపెనీ మొదట అడిగేది రెండు తాళాలూ చూపించమనే. కొత్త తాళం బిల్లు, పాత తాళాలు చెరిపినట్టు సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ కార్డు కూడా ఆ ఫైల్లోనే పెట్టండి. జరగరానిది జరిగితే వెంటనే 112, తర్వాత స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్, అదే రోజు ఇన్సూరెన్స్‌కి సమాచారం, ఆర్టీఓకి లేఖ. ఫాస్టాగ్‌ని కంగారులో బ్లాక్ చేయకండి. బీటీఎం నుంచి హొసూరు వైపు తీసుకెళ్తే అత్తిబెలె టోల్ దగ్గర డబ్బు కోసినట్టు మీకు మెసేజ్ రావచ్చు. వస్తే ఆ టైముతో సహా పోలీసులకి చూపించండి, బ్లాక్ సంగతి వాళ్ళతో మాట్లాడాక.

బీటీఎం_రెండో_స్టేజ్:

సర్వీస్ సెంటర్‌కి శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఒక్క సందేహం. తాళం ఎప్పుడూ పౌచ్‌లోనే ఉంటే దాని బ్యాటరీ తొందరగా అయిపోతుందా?

పన్నెండు_వోల్టులు:

కాదు. పౌచ్‌లో పిలుపు వినబడదు కాబట్టి జవాబిచ్చే ఖర్చు కూడా ఉండదు. బ్యాటరీని తినేది తాళం కారు పక్కనే రోజంతా ఉండటం. ఎక్కువ తాళాల్లో సీఆర్2032 బిళ్ళే ఉంటుంది, మూత తీసి నంబరు చూసి కొనండి, ఏడాదికోసారి మార్చేయండి. ఎప్పుడైనా పూర్తిగా అయిపోతే లోహపు తాళంతో తలుపు తీసి, స్మార్ట్ కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి, చాలా కార్లు అలా లేస్తాయి. కొన్నిట్లో ఆనించాల్సిన చోటు వేరే ఉంటుంది, శనివారం ఎలాగూ వెళ్తున్నారు కదా, మీ కారుకి అదెక్కడో అడిగి ఒకసారి చేయించి చూడండి.