అప్‌డేట్: బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా పూర్తిచేశాను (కథ చెప్పేస్తున్నా, జాగ్రత్త)

కిందటి నెల నేను అడిగింది ఇది: రోబోలు తమ గ్రహాల్ని నాశనం చేస్తే, మిగిలిన కొద్దిమంది మనుషులు అంతరిక్ష ఓడల్లో పారిపోయే ఈ టీవీ సిరీస్ మూడు సీజన్లు చూశాను, ముగింపు బాలేదని అందరూ అంటున్నారు, ఇక్కడితో ఆపేయనా? చూసి తిట్టుకోమన్నవాళ్లే ఎక్కువ. చూశాను. తిట్టుకోవడం మాత్రం సగమే.

చనిపోయిన అధ్యక్షురాలు రోస్లిన్ వేలికి, ఆమెను ప్రేమించిన సేనాధిపతి అడామా తన ఉంగరం తొడిగే చోట కళ్లు తుడుచుకున్నాను. నాకు మింగుడుపడనిది ఓడల సంగతి. మందులు, యంత్రాలు దాదాపు అన్నీ వదిలేసి, ఓడల్ని సూర్యుడిలోకి పంపేసి, లక్షా యాభై వేల ఏళ్ల కిందటి మన భూమ్మీద ఉత్త చేతులతో బతుకుతారట! అడామా కొడుకు లీ చెప్పాడు, అందరూ సరేనన్నారు. నీళ్ల కోసం, ఇంధనం కోసం ఎపిసోడ్ల తరబడి కొట్టుకున్న జనం వీళ్లేనా? పంటి నొప్పి వస్తే ఏం చేస్తారని ఒక్కరూ అడగరే! పైలట్ స్టార్‌బక్ మాటల మధ్యలో మాయమవడం చాలామందికి కోపం తెప్పించింది కానీ, నాకెందుకో నచ్చింది.

కొందరు చెప్పారని దీని ముందుకథగా తీసిన సిరీస్ 'కాప్రికా' కూడా చూశాను. గెలాక్టికా కథకి 58 ఏళ్ల ముందు జరిగేది. అంతరిక్ష యుద్ధాల జోలికి పోకుండా, చనిపోయిన కూతురి డిజిటల్ ప్రతి ఒక రోబోలో చిక్కుకోవడం చుట్టూ తిరుగుతుంది. ఆలోచన బాగుంది, నడకే నత్తనడక. మా అన్నయ్య రెండో ఎపిసోడ్‌కే గురకపెట్టాడు. 2010లో ఒక్క సీజన్‌తోనే రద్దుచేశారు కాబట్టి, జరగబోయేదంతా చివర్లో గబగబా చూపించేశారు, ఆఖరి బంతికి వడ్డించినట్టు.

ఇదే వరసలో వచ్చిన 'బ్లడ్ అండ్ క్రోమ్' ఒకటి మిగిలింది. ఈ ఆదివారం అదే.